బుధవారాల వేడి

"అమ్మా, దీని వేడి మళ్ళీ తొంభై ఎనిమిది డిగ్రీలు," అంటూ రిటైరైన బస్సు డ్రైవరు ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టాడు. వరుసగా ఇది మూడో బుధవారం.

రిపేరు షాపు నడిపే ఆమెకు తల కొట్టేసినట్టయింది. మొదటి వారం ఫ్యాను దుమ్ము దులిపింది. రెండో వారం ప్రాసెసర్ మీద పాతబడి ఎండిపోయిన, వేడి లాగే పేస్టు గీకేసి కొత్తది రాసింది. రెండుసార్లూ వేడిని డెబ్భైకి దించే పంపింది.

"కారు రేసుల గేము మరీ ఎక్కువ ఆడుతున్నారా, బాబాయిగారూ?"

"పొద్దస్తమానం అదే పని. ఇంట్లో ఇంకేముంది నాకు?"

అతను కొండదారిలో బస్సు బ్రేకులు పోయిన కథ అందుకున్నాడు. వింటూనే ఆమె ల్యాప్‌టాప్‌లో రెండు వారాల వాడకం రికార్డు తెరిచింది.

వారమంతా గేము మూసే ఉంది. ఆ ఉదయం మాత్రం ఎవరో ప్రాసెసర్ వేగాన్ని హద్దు దాటించి, గేమును తెరిచి గంటసేపు ఊరికే వదిలేశారు. ఒక్క రేసు కూడా ఆడలేదు. కిందటి బుధవారమూ అంతే.

ఆమె వేగం తగ్గించింది. నిమిషంలో వేడి దిగిపోయింది. ఆ సంగతి చెప్పబోయి ఆగింది. ఈ వారంలో ఆమెతో కాస్త నిలబడి మాట్లాడిన మనిషి అతనొక్కడే.

"పేస్టు మళ్ళీ రాయాలండీ. ఆరడానికి గంట పడుతుంది. కూర్చుంటారా?"

ఆ పేస్టు రాశాక ఆరేదాకా ఆగే పనే లేదని పోయిన వారం అతనికి చెప్పింది ఆమే.

అతను ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.