సొద తీసేసిన నాటకం

"అయ్యో, ఇది గాదు బిడ్డా!" అంటూ కిష్టమ్మ తన చెవులకున్న హెడ్‌ఫోన్ లాగేసింది.

నాగశ్రీ టక్కున ఆడియో ఆపేసింది. నారాయణగూడలో ఓ మేడ మీది గదిలో కూర్చుని, పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆమె పని. మొన్నటి వానకు చిక్కడపల్లిలోని నాటక సమాజం సెల్లార్లోకి నాలా నీళ్లు దూకాయి. కిరీటాలు, తెరలు, ఫోటోలు, క్యాసెట్లు అన్నీ బురదపాలయ్యాయి. బతికి బట్టకట్టింది ఈ ఒక్క క్యాసెట్టే. దాన్ని ఎండ తగలనివ్వకుండా, మంచినీళ్లతో కడిగి, ఫ్యాను గాలికి ఆరబెట్టి, దేవుడి మీద భారం వేసి తిప్పింది. ఒక్కసారి తిరిగింది మహాతల్లి. ఆ తర్వాత టేపు ముక్కలు ముక్కలైపోయింది.

"మీరడిగిన నాటకం ఇదే గదమ్మా?"

"నాటకం గదే. మా ఇంటాయన గొంతేది?"

కిష్టమ్మ అశోక్ నగర్‌లో కోచింగ్ పిల్లలుండే హాస్టల్లో వంట చేస్తుంది. మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యీ అవ్వగానే, చెంగుకు చేతులు తుడుచుకుంటూ రోజూ ఈ మెట్లెక్కుతోంది. భర్త కురుమయ్య పోయాక ఆమెకు మిగిలిన గొంతు ఈ క్యాసెట్లోదొక్కటే. "నాటకమంత ఆయన గొంతు మీదనే నడిచింది బిడ్డా" అని మొదటి రోజే చెప్పింది. అంటే రాజు వేషమే అయి ఉంటుందని, రాజు మాటలు ఖంగుమని మోగేదాకా నాగశ్రీ పట్టు వదల్లేదు.

"వేషంల ఉన్న ఫోటో ఏమన్న ఉందా అమ్మా?" అని అప్పుడే అడిగింది.

"ఏడుంది బిడ్డా? ఫోటోలల్ల ఆయన ఎన్నడు పడలే."

పాపం, ఫోటోలు కూడా వరదలో పోయాయి కాబోలని నాగశ్రీ నొచ్చుకుంది.

ఇప్పుడు మళ్లీ మొదటినుంచి వినిపించింది. రాజు గర్జించాడు, మంత్రి బతిమాలాడు, జనం చప్పట్లు కొట్టారు. కిష్టమ్మ కళ్లు మూసుకుని వింది. మొహం వాడిపోయింది.

"నీళ్లల్ల నానింది గదమ్మా, గొంతు జర మారి ఉంటది."

"గన్నేండ్లు కాపురం చేసిన, నాకు తెల్వదా?" అంది కిష్టమ్మ. "వంటింట్లకు పోయి, ఎందుకొచ్చిన్నో మర్చిపోయి నిలబడేదాన్ని. ఎనక నుంచి మెల్లగ 'పోపు డబ్బా' అనేటోడు. ఇప్పుడు నిలబడితే నిలబడ్డట్టే ఉంట. ఎవ్వరనరు." ముక్కు చీదింది. "దీంట్లకెంచి ఏమన్న తీసేసినవా బిడ్డా?"

"మాటలేం తియ్యలేదమ్మా. ఎనకాల సొద మస్తుండె. ఎవరు మాట్లాడినా ముందుగాల బుసబుస. మీకు మంచిగ వినపడాలని అదంతా తుడిచేసిన."

కిష్టమ్మ స్టూలు మీద కూలబడింది.

"తుడిచేసినవా! అయ్యో తల్లీ, ఎంత పని చేసినవే!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంత కష్టపడి శుభ్రం చేస్తే ఈ ఏడుపేమిటో నాగశ్రీకి అంతుబట్టలేదు. అయితే ఆమెకో నియమం ఉంది. తడిసిన టేపులోంచి మొదట వచ్చిన కాపీని ఎలా ఉన్నదాన్ని అలాగే దాచిపెడుతుంది. ఒకటి ఇక్కడ, ఇంకొకటి అంబర్‌పేటలో అక్క ఇంట్లో. మళ్లీ వరదొచ్చినా ఏదో ఒకటి మిగలాలి కదా!

"ఏడ్వకుండ్రి అమ్మా. సొద ఉన్నది కూడ ఉంది."

పెట్టింది. బుసబుస మొదలైంది. కిష్టమ్మ హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో చెవులకు అదుముకుంది. కన్నీళ్లు ధారగా కారుతుంటే ముసిముసిగా నవ్వుతోంది.

"ఆఁ, చెప్పు" అంది మెల్లగా. "వింటున్న."

అంతలో మెట్లెక్కి ఆయాసపడుతూ సమాజం కార్యదర్శి రమాకాంత్ వచ్చాడు. కిష్టమ్మను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటా వానలు పడంగనే 'పెట్టెలు పైకెక్కియ్యుండ్రి' అని కురుమయ్యే యాదికి చేసేటోడు" అన్నాడు. "ఆయన పోయినంక మాకెవ్వరికి యాదికి రాలే. అన్ని నీళ్లపాలైనయ్."

నాగశ్రీ ఆయన్ను పక్కకు పిలిచింది.

"సార్, కురుమయ్యగారి రాజు వేషం ఎంత మంచిగ వినపడేటట్టు చేసిన్నో! ఆమె వద్దంటున్నది. సొద ఉన్నదే కావాలంట."

రమాకాంత్ తల అడ్డంగా ఊపాడు.

"రాజును నేను తల్లీ, తెర ఎనకాల మాటలందిచ్చేటోడు కురుమయ్య."