ఆమెకి నచ్చే చర్చి

ఆ ఉత్తరం చదివి ఇర్మా పిన్ని రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకుంది.

"నా భార్య దూరమై రెండేళ్ళయింది. ఇంట్లో కూర్చోలేకపోతున్నాను. ఆమెకి నచ్చేలాంటి చర్చి ఎక్కడైనా ఉంటే చెప్పండి. చిన్నది కావాలి. బాగా పాడేవాళ్ళుండాలి. కొత్తగా వచ్చినవాళ్ళని ఎక్కడివారు, ఎవరి తాలూకు అని గుచ్చిగుచ్చి అడగకూడదు. ఇట్లు, అర్కాదీ, తరాజ్."

బల్ఖాష్‌లో ప్రార్థన మందిరం వెనకగదిలోంచి ఇర్మావాళ్ళు నడిపే వెబ్‌సైటుకి ఇలాంటివి రోజూ వస్తాయి. కజకిస్తాన్‌లో ఏ ఊళ్ళో ఏ చర్చి ఉంది, ఆరాధన ఏ భాషలో, ఎన్నింటికి, బస్సు ఎక్కడ దిగాలి, అన్నీ అందులో ఉంటాయి. కొత్త ఊరికి చదువుకొచ్చిన పిల్లలు రాస్తారు. ఎన్నడో ఆ దేశంలో స్థిరపడ్డ కొరియను ముసలమ్మలు మనవళ్ళ చేత రాయిస్తారు. జవాబులన్నీ వేరా రాస్తుంది.

వేరా కిందటేడు చలికాలంలో ఆ ఊరొచ్చింది. నా అన్నవాళ్ళు లేరంది. ఇర్మాయే తన ఇంట్లో ఓ గది ఇచ్చింది. మాట తక్కువ, పని ఎక్కువ. ఆరాధనలో అందరూ పాడుతుంటే పెదవులు కదుపుతుందే గాని గొంతు బయటికి రాదు.

"పాపం, పెళ్ళాం పోయిన మనిషి. మంచి చోటు చూసి చెప్పవే," అంది ఇర్మా.

వేరా ఆ ఉత్తరాన్ని టీ చల్లారిపోయేదాకా చూసింది. తర్వాత ఓరల్‌లో ఓ చర్చి పేరు రాసింది.

ఇర్మా నవ్వింది. "ఓరలా? తరాజ్ ఈ మూల, ఓరల్ ఆ మూల. పక్కనే షిమ్కెంట్ పెట్టుకుని ఆ మనిషిని దేశం చివరికి తోలతావేమే?"

"షిమ్కెంట్‌లో గిటార్లు, డ్రమ్ములు. ఆయనకి పడదు."

"నీ చెవిలో చెప్పాడా?"

"ఉత్తరం చూస్తే తెలియట్లా పిన్నీ."

అర్కాదీ నిజంగానే వెళ్ళాడు. అంత దూరమూ రైల్లో వెళ్ళి, తిరిగొచ్చి రాశాడు. "చక్కటి చర్చి. చివరి బెంచీలో కూర్చుని అందరి మొహాలూ చూశాను. ఆమె అక్కడ లేదు. ఇంకొకటి చెప్పండి."

ఇర్మాకి తన రోజులు గుర్తొచ్చాయి. తన మొగుడు గనిలో పోయిన ఏడాది తనూ అంతే. చేపల బజార్లో, బస్సులో, ఏ వెడల్పాటి వీపు చూసినా ఆయనే అనిపించేది. పిలవబోయి నోరు మూసుకునేది.

ఈసారి వేరా ఉత్తరపు కొసనున్న పెట్రోపావ్ల్ చెప్పింది. ఆ తర్వాత పడమటి చివర అక్తావు. వెళ్ళిన చోటల్లా అతను అదే మాట రాసేవాడు. అందరి మొహాలూ చూశాను, లేదు. ఒక్కసారి మాత్రం ఇలా రాశాడు.

"నిన్న ఆరాధన మధ్యలో వెనకనించి ఆమె గొంతు వినిపించింది. తిరిగి చూస్తే ఎవరో ముసలావిడ. కాని ఆమె ఎక్కడో ఉంది. నాకు తెలుస్తూనే ఉంటుంది."

ఆ వారమంతా వేరా తిండి సరిగా తినలేదు. వీధిలో బూట్ల చప్పుడైతే చెంచా గాల్లోనే ఆగిపోయేది.

"పిచ్చిదానా, అంత మనసుకి పట్టించుకోకు. చచ్చినవాళ్ళు మనల్నేం చెయ్యరు," అంది ఇర్మా.

"చచ్చినవాళ్ళంటే నాకు భయం లేదు పిన్నీ."

ఇర్మా బుర్రలో అప్పుడే ఓ ఆలోచన మొలిచింది. అక్కడ అతనూ ఒంటరే, ఇక్కడ ఇదీ ఒంటరే. మొహమైనా చూడకుండా అతనికేది పడుతుందో, ఏది పడదో ఇంత తెలిసిన ఆడది ఇంకెక్కడ దొరుకుతుంది?

వేరా పోస్టాఫీసుకి వెళ్ళినప్పుడు చూసి, తనే ఒంటివేలితో టైపు చేసింది. "ఇన్ని ఊళ్ళు తిరిగారు, మా బల్ఖాష్ ఏం పాపం చేసింది? ఆదివారం మా దగ్గర పంట పండుగ. మీరడిగిన చర్చి ఇలాగే ఉంటుంది. ఇట్లు, ఇర్మా పిన్ని." కింద మందిరం మెట్లమీద అందరూ కలిసి దిగిన ఫోటో పెట్టింది.

శనివారం పొద్దున వేదిక ముందు గుమ్మడికాయలు సర్దుతూ గుట్టు విప్పింది.

"రేపు మనకో చుట్టం. ఎవరో చెప్పుకో. మీ అర్కాదీ."

వేరా చేతిలో గోధుమకంకుల కట్ట ఉంది. గింజ రాలకుండా మెల్లగా బల్లమీద పెట్టింది.

"ఏం రాశావు పిన్నీ?"

"ఏముంది, రమ్మన్నాను. మెట్లమీద దిగిన ఫోటో పంపాను. సిగ్గెందుకే? ఎప్పట్లాగే చివర్న నక్కావు గాని, నీలం స్కార్ఫులో బాగానే పడ్డావు."

వేరా దగ్గరికొచ్చి ఇర్మాని గట్టిగా కావిలించుకుంది. ఎన్నడూ లేనిది.

"కేకులోకి మీగడ లేదన్నావుగా. తెస్తాను," అని కోటు తొడుక్కుంది.

ఇర్మా కిటికీలోంచి చూస్తూనే ఉంది. వేరా బజారువైపు కాక బస్‌స్టేషను వైపు మళ్ళింది. అటు బట్టల కొట్లున్నాయిగా, రేపటికి కొత్త గౌను కాబోలనుకుని తనలో తనే నవ్వుకుంది.

మధ్యాహ్నం దాటింది. పిండి పొంగి గిన్నె అంచులమీదుగా జారింది. వేరా రాలేదు. ఫోను ఎత్తలేదు. బట్టల కొట్లవాళ్ళని అడిగితే చూడలేదన్నారు.

ఏం చెయ్యాలో తోచక ఇర్మా కంప్యూటరు ముందు కూలబడింది. అర్కాదీ జవాబు వచ్చి ఉంది.

"రైలెక్కాను పిన్నిగారూ, మీ మేలు మరిచిపోను, ఫోటోలో నీలం స్కార్ఫు కట్టుకున్న నా భార్యకి మాత్రం నేనొస్తున్నట్టు దయచేసి చెప్పకండి."