కదిలిన బొమ్మ

దంతవైద్య కళాశాలలో ఆ పొద్దున చర్చ పెట్టారు: మహమ్మారి రోజుల్లో ఇంట్లో కూర్చుని ఫోన్లో నేర్చుకున్న చదువు లాభమా, నష్టమా?

మంచం దిగకుండా పాఠం వినడం లాభమన్నాడొకడు. అదే నష్టమన్నాడు ఇంకొకడు.

చివరి ఏడాది అమ్మాయి లేచింది. మాటల్లో ఆమెతో ఎవరూ గెలవలేరు.

మేడం పన్ను తీసి చూపిస్తుంటే తెర నిండా నోరు కనబడేదనీ, అంతవరకూ లాభమేననీ ఒప్పుకుంది.

"కానీ అన్ని క్లాసులకీ అదే నోరు. గుహ అని పేరు కూడా పెట్టుకున్నాం. పోనీ అదైనా సరిగ్గా చూశామా? ఫోను పట్టుకున్న మనిషికి చేతులు ఒకటే వణుకు. సరిగ్గా పన్ను ఊడే సమయానికి బొమ్మ గెంతులేసేది. ఆ మహానుభావుడి పుణ్యమా అని మా చదువు అటకెక్కింది."

హాలంతా నవ్వింది. వెనక బెంచీలో ఎవరో ముసలాయన కూడా బోసినోటితో నవ్వాడు.

చర్చ అయ్యాక ఆయన వరండాలో ఆమె దగ్గరికి వచ్చాడు.

"అంతగా కదిలిందా అమ్మా?"

ఆమెకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం పరీక్ష. ఎవరి పేషెంటును వాళ్లే తెచ్చుకుని, పరీక్షకుడి ముందు పన్ను తీయాలి. పేషెంటు లేకపోతే ఏడాది పోయినట్టే. వస్తానన్న బాబాయి ఫోనెత్తడం లేదు.

"వెనక ఒక పన్ను మిగిలింది. నీకు పనికొస్తుందేమో చూడమ్మా" అంటూ ఆయన నోరు తెరవబోయాడు.

"బోసినోటితో నేనేం చేసుకోను తాతగారూ? దారి ఇవ్వండి."

ఎవరు పంపారో చెప్పనివ్వలేదు. పళ్ల డాక్టరు కాబోయే పిల్ల, ఆ నోట్లోకి తొంగి చూడనైనా లేదు. ఆయన నోరు మూసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పరీక్ష వేళకు బాబాయి ఫోన్ చేశాడు. మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గిందట, ఇక రాడట.

ఖాళీ కుర్చీ పక్కన గ్లవ్స్ తొడుక్కుని నిలబడింది. పరీక్షకుడు ఆమెను దాటి పక్క కుర్చీకి వెళ్లిపోయాడు. ఏడాది పోయింది.

మేడం పరుగున వచ్చింది. "మీ బాబాయి మీద నమ్మకం లేకే తాతను పంపాను కదా. ఏరీ?"

"ఆయనకి పళ్లే లేవు కదా మేడం."

"ఒకటుంది. ఎంత నొప్పెట్టినా నన్ను తీయనివ్వలేదు, పిల్లల పరీక్షకి ఉంచమన్నారు. ఎలాగూ ఊడిపోయేవే, పిల్లలైనా చూసి నేర్చుకుంటారని మిగతావన్నీ మీ క్లాసుల్లోనే తీయించుకున్నారు. మీ గుహ ఆయనే."

ఆ పిల్ల గ్లవ్స్ విప్పేసింది. సిగ్గుతో తల దించుకుంది.

మేడం అంతటితో వదల్లేదు.

"ఆ జబ్బు భయానికి ఇంకెవరూ ఆ గదిలో అడుగు పెట్టేవాళ్లు కాదు. నా రెండు చేతులూ ఆయన నోట్లో ఉంటే, ఫోను ఎవరు పట్టుకున్నారనుకున్నావు?"