మసకబాబు

"అదిగో, మళ్ళీ మసక!" సోఫాలోంచి ఎగిరింది జడ్జిగారు. "విలన్ సిగరెట్ ముట్టించాడు!"

పదేళ్ళ ఆ పిల్లకి జడ్జిగారని పేరు పెట్టింది వాళ్ళ నాన్నే. ఆయన టీవీ ఛానల్లో పనిచేస్తాడు. సీరియళ్ళలో సిగరెట్టో మందు సీసానో కనబడిన చోటల్లా మసక పూయడమే ఆయన ఉద్యోగం. ఆఫీసులో అందరూ మసకబాబు అంటారు.

"మీ పిల్లలకి కనబడకూడదనే కదమ్మా ఆ మసక," అన్నాడు నాన్న.

"ఏం లాభం? మసక ఉందంటే సిగరెట్ ఉన్నట్టేనని మా క్లాసులో అందరికీ తెలుసు. మామూలుగా అయితే ఎవరూ పట్టించుకోరు. నువ్వే వేలు పెట్టి మరీ చూపిస్తున్నావు."

నాన్న తల గోక్కున్నాడు.

"అందుకే టీవీ కట్టెయ్యమనేది!" అమ్మమ్మ నోట్లో లవంగాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చి, తన ఎర్ర బెల్టు వాచీ చూసుకుంది. "వాళ్ళు గుప్పుగుప్పున పొగ వదలడం, పిల్లలు నోరెళ్ళబెట్టి చూడటం! ఇంక పది నిమిషాలే." ఆ ఇంట్లో టీవీ నడిచేది ఆ వాచీ ప్రకారమే.

జడ్జిగారి అసలు బాధ విలన్ గురించి కాదు. మూడు నెలల కిందట తండ్రీకూతుళ్ళు ఒప్పందం చేసుకున్నారు. ఆయన సిగరెట్లు మానెయ్యాలి, తను గోళ్ళు కొరకడం మానెయ్యాలి. లెక్కల పరీక్ష రోజున కూడా వేలు నోటిదాకా వెళ్ళి వెనక్కి వచ్చిందే తప్ప తను మాట తప్పలేదు. అలాంటిది పొద్దున బాల్కనీలో పూలకుండీలో సిగరెట్ పీక కనబడేసరికి ప్రాణం ఉసూరుమంది.

"నాన్నా, కుండీలో పీక నీదేగా?"

"నాది కాదు తల్లీ. ఒట్టు."

"మరెవరిది? అమ్మదా?"

నాన్న ఫ్యాన్ వంక చూశాడు.

"పోనీలేవే పాపం," అంది అమ్మమ్మ. "ఒక్కటి కాలిస్తే కొంపలేం మునగవు. మా అల్లుడు బంగారం."

అల్లుడు గట్టిగా తుమ్మినా తప్పుపట్టే అమ్మమ్మ ఇలా వెనకేసుకు రావడం జడ్జిగారికి వింతగా తోచింది. అయినా తీర్పు మారలేదు.

"నువ్వు మాట తప్పావు. రేపట్నుంచి నేనూ కొరుక్కుంటా."

నాన్న ముఖం చిన్నబోయింది. "అది సరేగానీ, మొన్నటి పిక్నిక్ వీడియో ఆఫీసులో కూర్చుని ఎడిట్ చేసి తెచ్చా. చూద్దామా?" అని మాట మార్చి, టీవీలో పెట్టాడు.

అది అమ్మ ఫోన్లో తీసిన వీడియో. పార్కులో జడ్జిగారు, ఎవరూ పట్టుకోకుండా మొదటిసారి సైకిల్ తొక్కుతోంది. వంకరటింకరగా, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. చూస్తుంటే సగం కోపం చల్లారిపోయింది. సైకిల్ ఒక చెట్టు పక్కగా మలుపు తిరిగింది. చెట్టు చాటు నుంచి ఎవరిదో చెయ్యి కొంచెం బయటికి కనబడింది. ఆ వేళ్ళ మీద గుండ్రంగా మసక.

"ఆపు, ఆపు!" అరిచింది జడ్జిగారు. "దొరికావు నాన్నా! నీ మసకే నిన్ను పట్టించింది!"

నాన్న వీడియో ఆపి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో! చేతి అలవాటమ్మా... నాకు తెలీకుండానే పూసేసినట్టున్నా."

"టైమైపోయింది, కట్టెయ్యండి!" అమ్మమ్మ వాచీ చూడకుండానే గబుక్కున లేచింది.

జడ్జిగారు వినలేదు. టీవీ దగ్గరికెళ్ళి, మసక మీద వేలు ఆనించి, మెల్లిగా కిందికి జరిపింది.

ఆ మణికట్టుకి ఎర్ర బెల్టు వాచీ ఉంది.