అదనపు చక్రం

మనిషి చేత్తో కారు నడపడం రోడ్ల మీద నిషిద్ధమైన నాటి నుంచి, సుదర్శనరావు ఏడాదికొకసారి తన పాత కారును లారీకెక్కించి, ఊరవతల రేసు ట్రాకుకు తీసుకువెళ్లి, ఇరవై నిమిషాలు తనివితీరా నడిపి వచ్చేవాడు. ఈసారి పది గంటలకు ఆయన వంతు. హెల్మెట్టు, జాకీ, ట్రాకు మీద టైర్లు అరిగిపోతాయని నాలుగు అదనపు చక్రాలు సర్ది, తాళ్లు బిగించాడు. డ్రైవరు లేని లారీ సామానంతా తనిఖీ చేసుకుని, బయలుదేరబోయి ఆగింది.

"చక్రం కింద అడ్డు ఉంది," అన్నది.

అది ఆయన భార్య మందాకిని పెట్టిన నిమ్మకాయ.

"తీసెయ్యవే, టైమవుతోంది."

"దిష్టికి పెట్టింది తొక్కకుండా తీస్తారా ఎవరైనా? తొక్కమనండి."

"ఈ లారీ చీమను కూడా తొక్కదే."

"మీ దగ్గర అదనపు చక్రాలు నాలుగున్నాయిగా. ఒకటి దించి తొక్కించండి."

ఆయన తాళ్లు విప్పి, ఒక చక్రం దించి, నిమ్మకాయను ముందుకు జరిపి, దాని మీదుగా దొర్లించాడు. నిమ్మకాయ చితికింది. మందాకిని తృప్తిగా దండం పెట్టుకుంది.

"సామాను కదిలింది. మళ్లీ తనిఖీకి రెండు గంటలు పడుతుంది," అన్నది లారీ.

అప్పటికే తొమ్మిది దాటింది. ఇక వంతు వచ్చే ఏడాదే. సుదర్శనరావు సామానులోంచి హెల్మెట్టు తీసి తలకు పెట్టుకుని, ఆ చక్రాన్నే రెండు చేతులతో వీధి చివరికి దొర్లించుకుంటూ బయలుదేరాడు.

"మలుపు దగ్గర మెల్లిగా," అని గుమ్మంలోంచి హెచ్చరించింది మందాకిని.