డ్రోన్ కంటపడని ఆట

బడి మీద కాపలాకు రోజంతా తిరిగే డ్రోన్ కంట పడకుండా ఏ టీము ఎక్కువసేపు ఉంటే దానిదే గెలుపు. ఆ ఆట మేం కనిపెట్టిందే. సంగతి తెలిసి ప్రిన్సిపాల్ మేడం తిట్టలేదు, అంతకంటే ఘోరం చేసింది. పోటీ పెట్టి డ్రోన్‌నే అంపైర్‌ని చేసింది. "మీ పిల్లల ఆట ఫోన్లో చూడండి" అని అమ్మానాన్నలకు మెసేజ్ పంపింది.

"అందరు చూస్తే గిది ఆటెట్లయితది మేడం?" అంది మా కెప్టెన్ సారక్క.

"నోర్మూసుకుని ఆడు."

సరే, ఆడాం. విజిల్ మోగగానే రెండు టీములూ గ్రౌండ్ పక్కన ఆగిన బడి బస్సుల కింద దూరి, పళ్లు నూరుతూ పడుకున్నాం. డ్రోన్ గిరగిరా తిరిగింది. ఊరంతా ఫోన్లలో ఖాళీ గ్రౌండ్ చూసింది.

"ఎక్కడ చచ్చారు వీళ్లంతా?" మేడం అరిచింది.

"ఆడుతున్నరు మేడం," అన్నాడు పీటీ సార్.