మోగని ఇటుక

డాక్టరమ్మ ఇస్రాయేలు వీపు మీద ఒక వేలు ఆనించి, ఇంకో వేలితో దాని మీద తడుతూ వచ్చింది. కుడివైపు కింద శబ్దం మొద్దుగా వచ్చింది.

"అమ్మా, గాడ మల్లొక్కసారి కొట్టుండ్రి," అన్నాడతను.

ఆమె తట్టింది. అతను కళ్లు మూసుకుని విన్నాడు. చౌటుప్పల్ ఫ్యాక్టరీలో బొగ్గు బట్టీల లోపలి ఇటుకల్ని, ఆ దుమ్ములో కూర్చుని, సుత్తితో ఇట్లాగే తట్టి చూసేవాడు. గట్టి ఇటుక ఖంగుమంటుంది. పాడైనది మోగదు.

"ఏమైందమ్మా ఈయనకు?" అడిగింది భార్య జానమ్మ.

"ఎక్స్‌రే తీస్తే తెలుస్తుంది."

ఇస్రాయేలు అంగీ గుండీలు పెట్టుకున్నాడు.

"నేను కట్టిన బట్టీల ఏ ఇటుక పాడైతే గదొక్కటే గుంజి, కొత్తది పెట్టొచ్చు జానమ్మా. గట్లనే కట్టిన."

"గిప్పుడు గా ముచ్చటెందుకు?"

"నన్ను దేవుడు గట్ల కట్టలే."